ఓడ ఎడారిలో నిలబడిన రోజు

'బిడ్డా, జర నీ ఫోన్ల సూడు. వీని ఓడ భూమ్మీదికి ఎక్కింది. సుట్టూ నీళ్లే లెవ్వు!'

2025 జూన్ మూడో వారంలో ఓ పొద్దుటిపూట నారాయణఖేడ్ నుంచి మా చిన్నమ్మ ఫోన్. ఆమె కొడుకు సరకు ఓడలో సెకండ్ ఆఫీసర్. సెలవులకొచ్చినప్పుడు తల్లి ఫోన్లో ఓ యాప్ పెట్టి వెళ్లాడు. ప్రపంచంలోని ఓడలన్నీ అందులో చిన్న చిన్న బాణాల్లా కనిపిస్తాయి. చదువు ఐదో తరగతితో ఆగిపోయిన మనిషి, మూడు రోజుల్లో దాన్ని వాడటం నేర్చేసుకుంది. దేవుడి దగ్గర దీపం పెట్టడం, ఆ వెంటనే నీలిరంగులో కొడుకు బాణం ఎక్కడుందో చూసుకోవడం... పొద్దున్నే ఇదీ వరస. ఆ రోజు బాణం నీలంలో లేదు. ఇరాన్ తీరం దాటి లోపల, మట్టి రంగులో కూర్చుని ఉంది.

'మునిగిందా? ఎవరన్న గుంజుకపోయిన్రా?' ఆమె గొంతులో వణుకు. టీవీలో చూస్తే అప్పటికి వారం రోజులుగా ఇరాన్, ఇజ్రాయెల్ కొట్టుకుంటున్నాయి. నేను పనిచేసేది పత్రికలో కాబట్టి ప్రపంచంలో ఏం జరిగినా నాకు ముందే తెలుస్తుందని ఆమె నమ్మకం. నాకు తెలిసిందల్లా తమ్ముడి వాట్సాప్ నంబరు. నాలుగు గంటల తర్వాత జవాబొచ్చింది.

'అక్కా, మేం నీళ్లల్లనే ఉన్నం. జీపీఎస్సే ఎడారికి పోయింది.'

చిన్నమ్మ దాన్ని చదివించుకుని నవ్వింది. నేను మాత్రం నవ్వలేకపోయాను. హోర్ముజ్ జలసంధి దగ్గర వెళ్లే ఓడలకు రెండు మైళ్ల దారి, వచ్చే ఓడలకు రెండు మైళ్ల దారి, మధ్యలో రెండు మైళ్ల ఖాళీ. మన హైవే మీద డివైడర్ లాంటిదన్నమాట. కానీ నీళ్లమీద గీతలుండవు. ఆ గీతలన్నీ తెరమీదే. ఆ తెరకు 'నువ్విక్కడున్నావు' అని చెప్పేది జీపీఎస్. అదే అబద్ధం చెబితే?

ఆ రోజుల్లో అబద్ధం చెప్పింది ఒక్క ఓడకే కాదు. వందల ఓడలు తెరమీద విమానాశ్రయాల్లో, కొండల్లో, ఎడారుల్లో ప్రత్యక్షమయ్యాయి. జూన్ 17న ఒమన్ సింధుశాఖలో ఫ్రంట్ ఈగిల్, అడలిన్ అనే రెండు చమురు ఓడలు గుద్దుకుని మంటలు లేచాయి. అడలిన్‌లోని 24 మందిని యూఏఈ తీరరక్షక దళం కాపాడింది. ఒక ఓడ దారిని తప్పుగా అంచనా వేయడమే కారణమని ఆ దేశం ప్రకటించింది. జీపీఎస్ గందరగోళమే చేసిందని ఖాయంగా అనలేం. కానీ ఆ గందరగోళంలోనే జరిగింది. అంతకు నెల ముందే, మే 10న, ఎర్రసముద్రంలో జెద్దా దగ్గర ఎంఎస్‌సీ ఆంటోనియా అనే కంటైనర్ ఓడ నేలకెక్కేసింది. అక్కడా ఇదే అనుమానం.

అప్పట్నుంచీ నా బుర్రలో ఒకటే ప్రశ్న. గట్టు కనిపించని నీళ్లమధ్య ఓడకు తానెక్కడుందో ఎలా తెలుస్తుంది? సముద్రానికి ఎటు చూసినా మూడొందల యాభై కిలోమీటర్ల పైమాటే దూరంలో ఉన్న ఊరిదాన్ని. కర్ణాటక సరిహద్దు నుంచి నాలుగడుగులేస్తే మా ఊరు. మాకు పెద్ద నీళ్లంటే మంజీరా, సింగూరు. అయినా అడిగాను. దసరాకు తమ్ముడు ఇంటికొచ్చాక మరీ అడిగాను.

ఆకాశం మీద నాలుగు కళ్లు

జీపీఎస్ సంగతి మీకూ తెలిసే ఉంటుంది. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహాలు తిరుగుతుంటాయి. ఒక్కోదానిలో అణుగడియారం. 'ఇప్పుడు టైమింత, నేనిక్కడున్నాను' అని ప్రతిదీ చాటింపు వేస్తూ ఉంటుంది. ఆ చాటింపు మనదాకా రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం తెలుస్తుంది. నాలుగు ఉపగ్రహాల మాట వినబడితే మన చోటు, మన గడియారం తప్పు రెండూ తేలిపోతాయి. గడియారం సెకనులో వందకోట్లవ వంతు తప్పితే దూరం 30 సెంటీమీటర్లు తప్పుతుంది. అంత నాజూకు లెక్క.

చాటింపు అన్నాను గానీ, నిజానికది గుసగుస. ఉపగ్రహం పంపే శక్తి మన ఇళ్లలో ఒకప్పుడు వేలాడిన పాత బల్బు పాటిదే. అన్ని వేల కిలోమీటర్లు దిగొచ్చేసరికి ఏం మిగులుతుంది! పక్కనే ఎవడో ఓ చిన్న పెట్టెతో గోల చేస్తే ఆ గుసగుస వినబడదు. దీన్ని జామింగ్ అంటారు. ఇంకా తెలివైనవాడైతే ఉపగ్రహం గొంతును అనుకరించి, 'నువ్వు ఎడారిలో ఉన్నావు' అని చెబుతాడు. అది స్పూఫింగ్. మొదటిదానిలో సాక్షి మూగవాడవుతాడు. రెండోదానిలో సాక్షి వేషంలో మరొకడొస్తాడు. రెండోదే ప్రమాదం. మూగవాడైతే కనీసం మనకు తెలుస్తుంది కదా.

పగవాళ్లే అక్కర్లేదు, సూర్యుడు చాలు. భూమధ్యరేఖకు అటూ ఇటూ ఉన్న మనలాంటి ప్రాంతాల్లో పొద్దుగూకాక పై వాతావరణంలోని అయనోస్ఫియర్ బుడగలు బుడగలుగా కల్లోలమవుతుంది. సంకేతాలు ఎండమావిలో నీళ్లలా మిణుకుమిణుకుమంటాయి. మార్చి, సెప్టెంబర్ రోజుల్లో, సూర్యుడి మీద మచ్చలు పెరిగిన ఏళ్లలో ఇది ఎక్కువ. ఉపగ్రహాల మాటను సరిదిద్దే 'గగన్' వ్యవస్థను మనవాళ్లు కట్టుకున్నప్పుడు పెద్ద తలనొప్పి ఇదే. హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ల నావిగేషన్ పరిశోధన విభాగం, నెర్టు, ఈ గొడవ మీద ఏళ్లతరబడి పనిచేసింది. క్యాంపస్‌లో చెట్లకింద కూర్చుని టీ తాగే ఎంతమందికి తెలుసు ఈ సంగతి!

'అయితే మన సొంత ఉపగ్రహాలు ఉన్నయి కద?' అన్నాను. ఉన్నాయి. నావిక్. 2013 నుంచి శ్రీహరికోట నుంచి ఒక్కొక్కటిగా పంపారు. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2020లో దాన్ని ఓడలకు గుర్తింపు పొందిన వ్యవస్థల్లో చేర్చింది. కానీ విదేశాల్లో కొన్న అణుగడియారాలు వరసగా మొరాయించాయి. 2023 మే 29న పంపిన ఎన్‌వీఎస్-01లో స్వదేశీ గడియారం పెట్టారు. 2025 జనవరి 29న, శ్రీహరికోట నుంచి నూరో ప్రయోగంగా పంపిన ఎన్‌వీఎస్-02 మాత్రం చేరాల్సిన కక్ష్యకు చేరలేదు. నావిక్ నిండుగా ఉన్నా, తమ్ముడి మాటల్లో, 'అది గూడ ఆకాశం మీది మాటనే అక్కా. పైనుంచి వచ్చేదాన్ని ఎవడన్న కలగాపులగం చెయ్యొచ్చు. ఓడ లోపల ఉన్నదాన్ని చెయ్యలేడు.'

కళ్లు మూసుకుని బస్సులో

ఓడ లోపల ఏముంటుంది? దీనికి జవాబు నారాయణఖేడ్ బస్సులోనే ఉంది. హైదరాబాద్‌లో రాత్రి బస్సెక్కి కళ్లు మూసుకుంటాను. బస్సు వేగం పుంజుకుంటే వీపు సీటుకు అతుక్కుంటుంది. బ్రేకేస్తే ముందుకు తూలుతాను. మలుపు తిరిగితే పక్కావిడ భుజం తగులుతుంది. సంగారెడ్డి దాటామా, జోగిపేట వచ్చిందా అన్నది కళ్లు తెరవకుండానే ఒళ్లు చెబుతుంది. బడిలో చదువుకున్న జడత్వం ఇదే. దీనికి లెక్క జోడిస్తే జడత్వ నావిగేషన్.

యంత్రంలో వీపు పనిచేసేది యాక్సిలరోమీటర్. మూడు దిక్కుల్లో ఎంత తోపు పడిందో కొలుస్తుంది. మలుపులు కొలిచేది గైరోస్కోప్. ఒకప్పుడు గిర్రున తిరిగే బొంగరం, ఇప్పుడు మంచి యంత్రాల్లో లేజర్ కాంతి. తోపును కూడుతూ పోతే వేగం, వేగాన్ని కూడుతూ పోతే దూరం. బయలుదేరిన చోటు తెలిస్తే చాలు. ఆ తర్వాత ఆకాశం చూడక్కర్లేదు, గట్టు చూడక్కర్లేదు, ఎవర్నీ అడగక్కర్లేదు. ఎవరూ మోసం చేయలేరు.

విశాఖ వెళ్లినవాళ్లు ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ఎక్కే ఉంటారు. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002లో మ్యూజియం అయింది. మా పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు వాళ్లు పడుకునే బల్లలు, వంటగది చూసి మురిసిపోయారు. నాకు మాత్రం ఆ ఇరుకు గొట్టంలో నిలబడితే ఒకటే అనిపించింది: కిటికీ లేదు. ఉప్పునీటిలోకి ఉపగ్రహం మాట దిగదు. నీటి కింద ఉన్నంతసేపూ లెక్కే దిక్కు. 1958 ఆగస్టు 3న అమెరికా జలాంతర్గామి నాటిలస్ మంచు కిందుగా ఉత్తరధ్రువాన్ని దాటింది. అక్కడ దిక్సూచి పనిచేయదు. నక్షత్రాలు కనబడవు. అప్పటికింకా దారి చూపే ఉపగ్రహమే లేదు. క్షిపణి కోసం తయారుచేసిన జడత్వ యంత్రాన్ని ఓడలో పెట్టుకుని వెళ్లారు. మన దేశంలో ఈ విద్యకు పెద్ద బడి హైదరాబాద్ శివార్లలోనే ఉంది. కలాం గారి చొరవతో 1988లో మొదలైన రీసెర్చ్ సెంటర్ ఇమారత్. మన క్షిపణులు కళ్లు మూసుకుని గురి చూసేది అక్కడ నేర్పిన లెక్కలతోనే.

మరి ఇంత గొప్పదైతే జీపీఎస్ ఎందుకు? ఇక్కడే ఉంది కిటుకు. ఈ యంత్రం అబద్ధం చెప్పదు గానీ, మతిమరుపు మనిషి. తోపు కొలవడంలో గురుత్వాకర్షణలో వెయ్యోవంతు తప్పు దొర్లిందనుకోండి. సాదా లెక్కలో నిమిషానికి 18 మీటర్లు పక్కకు పోతాం. పోనీలే అనిపిస్తుంది. ఎవరూ దిద్దకుండా వదిలేస్తే గంటకు దాదాపు 65 కిలోమీటర్లు! తప్పును రెండుసార్లు కూడతాం కదా, అందుకని వడ్డీకి వడ్డీలా పెరుగుతుంది. ఎంతో ఖరీదైన మంచి యంత్రం కూడా గంటకో మైలు చొప్పున జారుతుంది. జలాంతర్గాములవి ఇంకా మెరుగు, కానీ అవి సరకు ఓడల యజమానులు కొనే ధరలో ఉండవు.

అంటే ఉపగ్రహానిది ఒక గుణం, జడత్వానిది సరిగ్గా దానికి తిరగేసిన గుణం. జీపీఎస్ ఈ క్షణంలో కొన్ని మీటర్లు అటూ ఇటూ ఊగొచ్చు, కానీ నెలరోజులైనా తప్పు పెరగదు. జడత్వ యంత్రం ఈ నిమిషంలో బహు నిక్కచ్చి, రేపటికి నమ్మలేం. ఒకరి లోపం ఇంకొకరి బలం. మన పెద్దలు సంబంధం చూసేటప్పుడు ఇలాంటి జోడీనే వెతుకుతారు!

తాత అడుగుల లెక్క

తమ్ముడు ఇదంతా చెబుతుంటే మా వీధి తాత గుర్తొచ్చాడు. రెండు కళ్లూ కనిపించేవి కావు. అయినా రోజూ పొద్దున్నే ఒక్కడే హనుమాన్ గుడికి పోయేవాడు. అరుగు దిగిన దగ్గర్నుంచి పెదవుల మీద లెక్క. అరవై అడుగులకు బోరింగు. చెయ్యి చాపి దాని పిడి తడిమేవాడు. అక్కడ్నుంచి మళ్లీ ఒకటి నుంచి లెక్క. వేపచెట్టు మొదలు తడిమేవాడు. ఆ తర్వాత గుడి మెట్టు.

తాత గొప్పతనం లెక్కలో లేదు, తడిమినప్పుడు చేసే దిద్దుబాటులో ఉంది. వానపడి బురదైతే అడుగు చిన్నదవుతుంది. అరవైకి రావాల్సిన బోరింగు అరవయ్యారుకు వచ్చింది. 'ఇయ్యాల అడుగు పొట్టిగైంది' అనుకుని, వేపచెట్టు దాకా లెక్కను తానే పెంచుకునేవాడు. బోరింగు ఆయనకు తానెక్కడున్నదీ చెప్పడమే కాదు, తన అడుగు ఎంత తప్పుతోందో కూడా చెప్పేది.

ఓడలో జీపీఎస్‌నూ జడత్వాన్నీ కలిపే లెక్క సరిగ్గా ఇదే. దాని పేరు కాల్మన్ ఫిల్టర్. హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ రుడాల్ఫ్ కాల్మన్ 1960లో రాశాడు. చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో నౌకలూ దీన్నే వాడాయి. జడత్వ యంత్రం సెకనుకు వందసార్లు, అంతకుమించి అడుగులు లెక్కపెడుతుంది. జీపీఎస్ సెకనుకోసారి బోరింగులా చేతికి తగులుతుంది. రెండింటి మధ్య తేడా చూసి, ఎవర్ని ఎంత నమ్మాలో తూకం వేసి, ఓడ చోటును దిద్దుతుంది. పనిలోపనిగా యాక్సిలరోమీటర్ ఎంత వాలుగా చెబుతోందో, గైరో ఎంత జారుతోందో కూడా నేర్చుకుంటుంది. రేపు జీపీఎస్ మాయమైనా ఆ నేర్చుకున్నదాంతో కొంత దూరం తప్పు తక్కువగా నడుస్తుంది.

ఇంకో సూక్ష్మం చూడండి. యాంటెన్నా ఉండేది స్తంభం కొసన. ముప్ఫై మీటర్ల ఎత్తున ఉందనుకుందాం. ఓడ పది డిగ్రీలు ఒరిగితే అది ఐదు మీటర్లకు పైగా పక్కకు పోతుంది. ఒంటరి జీపీఎస్‌కు ఓడే అటు జరిగిందనిపిస్తుంది. లోపలి యంత్రం 'లేదు, ఒరిగిందంతే' అంటుంది. రెండింటినీ లోతుగా కలిపితే ఇంకో లాభం. జీపీఎస్ ఒక్కటే అయితే నాలుగు ఉపగ్రహాలు లేనిదే నోరు విప్పదు. లోపలి లెక్క తోడుంటే రెండు ఉపగ్రహాలు కనిపించినా వాటి మాట వృథా పోదు.

ఇక తాత కథలో అసలు ఘట్టం. మా వీధిలో ఓ కొంటెపోరగాడు ఉండేవాడు. తాత సగం దారిలో ఉండగానే ఓ రోకలి ఆయన చేతికి అందించి, 'బోరింగొచ్చింది తాతా' అన్నాడు. తాత పిడి తడిమినట్టే తడిమాడు. 'ఇంకా ఇరవై అడుగులున్నయి, పోరా' అన్నాడు. స్పూఫింగ్‌కు మందు అదే. జీపీఎస్ ఉన్నట్టుండి ముప్పై మైళ్ల దూరంలోని ఎడారి చూపిస్తే, లోపలి యంత్రం 'ఈ సెకనులో నాకంత తోపు పడలేదే' అని అడ్డం తిరుగుతుంది. తోపు లేకుండా ఏ ఓడా ఎగిరిపోదు. తెలివైన మోసగాడు మాత్రం ఎడారి చూపించడు. మీటరు మీటరుగా, మెల్లగా పక్కకు లాగుతాడు. అప్పుడు కనిపెట్టడం కష్టమే. లోపలి యంత్రం ఎంత మంచిదైతే అంత త్వరగా అనుమానమొస్తుంది.

'మరి మీ ఓడల ఆ యంత్రం ఏమన్నది?' అనడిగాను.

'మా ఓడల ఉంటే కద అక్కా!'

అప్పుడు తెలిసింది. యుద్ధనౌకలు, జలాంతర్గాములు, సర్వే ఓడలు, సముద్రంలో బావులు తవ్వే ఓడలు... వీటికే ఈ జోడీ. సరకు మోసే మామూలు ఓడల్లో పూర్తి జడత్వ వ్యవస్థ పెట్టాలన్న నిబంధన లేదు. దిక్కు చెప్పే గైరో కంపాస్ ఉంటుంది, నీటిలో వేగం చెప్పే లాగ్ ఉంటుంది. చోటు చెప్పేది మాత్రం ప్రధానంగా జీపీఎస్సే. తెరమీది పటం, పక్క ఓడలకు మన చోటు చాటే యంత్రం, గడియారం అన్నీ ఆ ఒక్క తీగకే వేలాడుతుంటాయి. చిన్నమ్మ ఫోన్లోని బాణమూ అదే తీగ కొస. ప్రపంచ వాణిజ్యంలో అత్యధిక భాగాన్ని మోసే ఓడలకు ఈ సంగతేమిటని నాకు కొంచెం కోపమే వచ్చింది. మనం ఇంటి తలుపుకే రెండు గడియలు పెట్టుకుంటాం.

ఆ రాత్రి వాళ్లేం చేశారంటే, పాతకాలం పని. కెప్టెన్ జీపీఎస్‌ను పక్కన పెట్టమన్నాడు. రాడార్‌లో కనిపించే దీవుల నుంచి, కొమ్ముల్లా పొడుచుకొచ్చిన తీరాల నుంచి దూరాలు కొలిచి చోటు గుర్తించారు. పావుగంటకోసారి. తీరం దగ్గర కాబట్టి సాగింది. 'నడిసముద్రంలైతే?' అన్నాను. 'నడిసముద్రంల గుద్దుకునేటందుకు ఏముంటది?' అని నవ్వాడు. సెకండ్ ఆఫీసర్ కాపలా అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా. ఆ నాలుగు గంటలు వాడు ఎలా గడిపాడో వాళ్లమ్మకు చెప్పొద్దన్నాడు. ఇది ఆవిడ చదవదనే ధైర్యంతో రాస్తున్నాను.

కూత ఆగిపోయిన ఓడ

యంత్రాలు రెండున్నా, వాటి తేడాను చూసే కన్ను లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి నావికుల బడుల్లో ఒక ఓడ కథ తప్పకుండా చెబుతారట. రాయల్ మెజెస్టీ. 1995 జూన్‌లో బెర్ముడా నుంచి బోస్టన్‌కు పదిహేను వందల మందితో బయలుదేరిన విహార నౌక. బయలుదేరిన గంటలోపే జీపీఎస్ యాంటెన్నా తీగ ఊడింది. యంత్రం కాసేపు కూత పెట్టింది, ఆగింది. ఆ తర్వాత గైరో కంపాస్, వేగం ఆధారంగా సొంత లెక్క మొదలుపెట్టింది. తెర మూలన చిన్న అక్షరాల్లో ఆ సంగతి రాసింది కూడా. ఎవరూ చూడలేదు. ప్రవాహం, గాలి పక్కకు నెడుతుంటే ఆ లెక్కకు తెలియదు. ఆటోపైలట్ దాన్నే నమ్మి నడిపింది. లోతు తగ్గితే మోగాల్సిన గంటను సున్నా మీటర్ల దగ్గర పెట్టి ఉంచారు. దాదాపు ముప్ఫైనాలుగు గంటల తర్వాత, దారికి 17 మైళ్ల పక్కన, నాంటకెట్ దీవి దగ్గర ఇసుక దిబ్బ ఎక్కింది. ఎవరికీ ఏమీ కాలేదు, అదృష్టం.

మనవాళ్లకు అంత అదృష్టం ఎప్పుడూ ఉండదు. గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకు వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు 2018 నవంబర్‌లో పాకిస్తాన్ జలాల్లోకి వెళ్లి పట్టుబడ్డారు. వాళ్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర మన నేల మీద కాలు పెట్టారు. ఏడాదికి పైగా జైలు. నీళ్ల మీద కనిపించని ఒక గీత విలువ అది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ 2019లో పడవల కోసం 'జెమిని' అనే పరికరం తెచ్చింది. సెల్ టవర్లు అందని చోట కూడా గగన్ ఉపగ్రహాల ద్వారా తుపాను హెచ్చరికలు, చేపలు దొరికే చోట్లు ఫోన్‌కు చేరుతాయి. అది మంచి కబురే. కానీ చిన్న పడవలకు లోపలి సాక్షి ఇంకా లేదు.

అన్నట్టు, చోటంటే రెండు అంకెలే కదా, అక్షాంశం, రేఖాంశం. ఆ అంకెల కథ మా ఊరి పక్కకే వస్తుందని నాకు ఈ గొడవలోనే తెలిసింది. 1802లో మద్రాసు దగ్గర మొదలైన భారత మహా సర్వేలో విలియం లాంబ్టన్ కన్యాకుమారి వైపు నుంచి ఉత్తరానికి కొలుచుకుంటూ వచ్చి, 1815లో బీదర్ ప్రాంతంలో ఒక ఆధారరేఖ కొలిచాడు. ఆ రేఖకు సంబంధించిన కీలక స్థానం పేరు దామరగిద్ద. నారాయణపేట దగ్గరి దామరగిద్ద కాదు, మా వైపుది. సర్వే పుస్తకాల్లో దాని అక్షాంశం 18 డిగ్రీల 3 నిమిషాల చిల్లర. నారాయణఖేడ్ కూడా ఇంచుమించు ఆ గీత మీదే ఉంది. లాంబ్టన్ తర్వాత జార్జ్ ఎవరెస్ట్ అక్కడ్నుంచి హిమాలయాల వైపు కొనసాగించాడు. ఆ కొలతల మీదే 1830లో భూమి ఆకారం లెక్కగట్టి, మన పటాలన్నీ దాని ప్రకారం గీశారు. చిక్కేమిటంటే జీపీఎస్ వాడే భూమి వేరు. పాత భారతీయ సముద్ర పటం మీద జీపీఎస్ అంకెలు నేరుగా పెడితే చోటును బట్టి వంద మీటర్లకు పైబడి తేడా వస్తుంది. రేవు ముఖద్వారంలో వంద మీటర్లంటే ఓడ రాళ్లమీద ఉన్నట్టే. ఇప్పుడు పటాలు కొత్త లెక్కకు మారాయి. అయినా ఏ అంకె ఏ భూమిదో అడగడం నావికులకు పరీక్షల్లో మొదటి పాఠమట. సముద్రం చూడని మా ఊరి పక్క పొలాల్లో గొలుసులు పరిచి కొలిచిన లెక్క ఓడల దాకా వెళ్లిందంటే, ఏమో, నాకు కాస్త గర్వంగానే ఉంది.

ఈ జోడీ మన తీరంలో రోజూ పనిచేసే చోటు కాకినాడ ఎదుట ఉంది. 2009 నుంచి కేజీ-డీ6 గ్యాస్ వస్తోంది. 2024 జనవరిలో ఓఎన్‌జీసీ కూడా అక్కడి లోతు నీళ్లలో నుంచి మొదటి నూనె తీసింది. అంత లోతులో బావి తవ్వే ఓడలు చాలావరకు లంగరు వేయవు. కింద సముద్రగర్భం దాకా గొట్టం వేలాడుతుంటే, గాలి, అల, ప్రవాహం ఎటు నెట్టినా అడుగున ఉన్న పంకాలు తిప్పుకుంటూ నిలబడిన చోటే నిలబడాలి. కాస్త ఎక్కువ జరిగితే గొట్టం విడగొట్టుకోవాల్సిందే. అందుకే ఆకాశం నుంచి జీపీఎస్, సముద్రం అడుగున పెట్టిన పెట్టెల నుంచి ధ్వని, మధ్యలో జడత్వ యంత్రం... మూడింటినీ కలుపుతారు. సాయంత్రం పూట అయనోస్ఫియర్ అల్లరికి జీపీఎస్ కొన్ని నిమిషాలు తప్పుకున్నా, లోపలి లెక్క, కింది ధ్వని కలిసి పట్టుకుంటాయి.

తమ్ముడు ఆ ఓడల కోర్సు పూర్తి చేశాడు. పోయిన నెల ఇంటర్వ్యూకు వెళ్లొచ్చాడు. రెండు జీపీఎస్‌లు ఒకే చోటు చూపిస్తున్నాయి, ధ్వని యంత్రం మరో చోటు చూపిస్తోంది, ఏం చేస్తావని అడిగారట. రెండు జీపీఎస్‌లు వినేది ఒకే ఆకాశాన్ని కాబట్టి దాన్ని ఒక్క ఓటుగానే లెక్కేస్తానని, జడత్వ యంత్రం ఎవరి వైపుందో ముందు చూస్తానని చెప్పాడట. అడిగినాయన తలూపి, తెలుగులో ఏ ఊరని అడిగాడట. నారాయణఖేడ్ అంటే, అదెక్కడ అన్నాడట. వచ్చే నెల పదో తారీఖున కాకినాడ రమ్మన్నారు. హైదరాబాద్ నుంచి రాత్రి బండికి టికెట్ దొరికింది, పైబెర్తు.